తీర్పు రాసే చెయ్యి

"మూడో పేజీ వదిలెయ్" అన్నాడు మొగుడు గొంతు తగ్గించి. "రెండోది అవగానే నాలుగోది అందుకో. ఆయనకేం కనపడుతుంది?"

ఆమె పాలసీసా వేడినీళ్ళలో తిప్పి తిప్పి కడుగుతోంది. చంకలో పాప తల్లి జుట్టు పిడికిట పట్టుకుని, అది తన సొంత ఆస్తి అన్నట్టు లాగుతోంది.

"నిన్నే."

"వినపడింది."

"మరి?"

"మూడో పేజీ తీసేస్తే ఆ వ్యాసంలో ఇంకేం మిగులుతుందండీ? తల తీసేసి టోపీ పెట్టమన్నట్టుంది."

"మాటలకేం తక్కువ లేదు."

ముందుగదిలోంచి దగ్గు వినిపించింది. ఇద్దరూ దొంగతనానికి వచ్చినవాళ్ళలా నోళ్ళు మూసుకున్నారు.

"అమ్మాయ్!" అని మామగారి పిలుపు. "సాయంత్రం తొందరగా వస్తావుగా? ఇవాళ ఆ వ్యాసం సంగతి తేల్చేద్దాం."

"అలాగే మామయ్యా."

ఆ కవరు వచ్చినప్పటి నుంచీ ఈ ఇంట్లో మాటలన్నీ గుసగుసలైపోయాయి. అది వచ్చింది ఎక్కడో సముద్రాల అవతల నుంచి. పాత గ్రీకు నాటకాల మీద, కవిత్వం మీద పరిశోధనలు వేసే పత్రిక వాళ్ళు పంపారు. వాళ్ళకో ఆనవాయితీ ఉంది. ఎవరైనా వ్యాసం పంపితే, రాసినవాళ్ళ పేరు చెరిపేసి, ఆ విషయం బాగా తెలిసిన పెద్దవాళ్ళకి పంపుతారు. చదివి, వేయొచ్చో లేదో చెప్పమంటారు. రాసినవాళ్ళకి తీర్పరి ఎవరో తెలియకూడదు. తీర్పరికి రాసిందెవరో తెలియకూడదు.

ఆ విషయం మామగారి కంటే బాగా తెలిసినవాళ్ళు ఈ భూమ్మీద ఎవరున్నారు? అందుకని ఆయనకే పంపారు. రాసిన మనిషి పక్కగదిలో కాలితో ఉయ్యాల ఊపుతూ రాసిందని ఆ సంపాదకుడికి ఎవరు చెప్పాలి?

అక్కడితో ఆగినా బాగుండేది. మామగారికి కొంతకాలంగా చూపు మధ్యలో మసక కమ్మింది. మనుషుల అంచులు కనపడతాయి గానీ మొహాలు కనపడవు. పుస్తకాలు చదివి వినిపించేది కోడలే. ఆయన చెబితే రాసేదీ కోడలే. అలా నిన్న సాయంత్రం తన వ్యాసమే, ఎవరో పరాయివాళ్ళు రాసినట్టు, అక్కడక్కడా కావాలని తడబడుతూ, దాదాపు రెండు పేజీలు ఆయనకి చదివి వినిపించింది. చదివాక లోపలికెళ్ళి మొహం కడుక్కుంది. ఎంత కడిగినా తృప్తి కలగలేదు.

"పోనీ చెప్పేస్తాను" అంది ఇప్పుడు. "నేనే రాశానని చెప్పేస్తే పీడా పోతుంది."

"చెప్పు. ఆ క్షణమే 'మా ఇంటి మనిషిది, నేను తీర్పు చెప్పను' అని వెనక్కి పంపించేస్తారు. నాన్న సంగతి నీకు తెలీదా? అది ఇంకెవరికో వెళ్ళాలి, వాళ్ళకి తీరాలి. ఈలోగా మీ కాలేజీ కమిటీ కూర్చునే శుక్రవారం దాటిపోతుంది, నీ ఉద్యోగం గాల్లో కలిసిపోతుంది."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే మూడో పేజీ చదవాలి."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చంకలో పాప.

"ఏంటర్రా, పొద్దున్నే మొగుడూ పెళ్ళాం అసెంబ్లీ పెట్టారు?" అంటూ అత్తగారు వచ్చింది. వచ్చీ రాగానే పొయ్యి మంట తగ్గించింది. ఎవరు ఎంత మంట పెట్టినా ఆవిడ తగ్గిస్తుంది. "ఆయన రాత్రంతా కన్నుమూయలేదు. నిన్న సాయంత్రం నుంచి ముద్ద దిగట్లేదు. ఏం చదివి పెట్టావమ్మా ఆయనకి?"

"మామూలేనత్తయ్యా. పత్రికవాళ్ళు పంపింది."

"మామూలైతే మనిషి అలా ఎందుకైపోతాడు? ఆ పాడు గ్రీకు. పెళ్ళయిన మర్నాటి నుంచీ నాకు సవతి. పోనీలే ఒక్కతే కదా అనుకుంటే కోడలూ అదే తెచ్చింది." చేతులు చాపింది. "ఇటివ్వు పిల్లని. నీకు బస్సు టైమవుతోంది. జీతం లేని ఆయాని నేనున్నానుగా."

పాపని అత్తగారి చేతుల్లో పెట్టేటప్పుడు రోజూ ఆమె మనసులో ఒక వాక్యం మెదిలేది. *బిడ్డను నీ చేతుల్లో పెడుతున్నాను, ఓడ నన్ను పిలుస్తోంది.* అసలు ఆ ఒక్క వాక్యం కోసమే ఆమె ఈ చదువులోకి వచ్చింది. డిగ్రీలో ఉండగా మామగారు క్లాసులో అది చదివితే వెనక వరసలో కూర్చుని ఏడ్చింది. అప్పటికి ఆయన మామగారు కాదు, మాస్టారు.

రెండు వేల ఏళ్ళ నాటి నాటకం. నాటకం మొత్తం పోయింది. దొరికినవి రెండు ముక్కలు. రెల్లు కాడల నారతో చేసిన పాతకాలపు కాగితం, అరచేతిలో పట్టేటంత. ఒక ముక్క 'బిడ్డను' దగ్గర చిరిగింది. రెండోది 'నీ చేతుల్లో పెడుతున్నాను' దగ్గర మొదలైంది. వయసులో ఉండగా మామగారు ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశారు. అతికినట్టు సరిపోయాయి. లోకానికి తెలియని తల్లి ఒకామె, బిడ్డను దాది చేతుల్లో పెట్టి ఓడెక్కుతూ, బయటికొచ్చింది. దానికి 'అప్పగింత' అని పేరొచ్చింది. ఆయనకీ పేరొచ్చింది. ఆ అతుకు ఫోటో ముందుగది గోడకి ఉంది. అత్తగారికి అందులో ఒక్క అక్షరమూ రాదు గానీ రోజూ దాని అద్దం తుడుస్తుంది.

ఆ రెండు ముక్కలూ ఒకదానివి కావని కోడలు రాసింది. అదీ మూడో పేజీ.

ఇప్పుడు పాపని అందిస్తుంటే ఆ వాక్యం రాలేదు. దాన్ని తన చేత్తోనే కదా తీసేసింది.

"పాలు రెండుసార్లు పట్టండి అత్తయ్యా. గోరువెచ్చగా ఉంటేనే..."

"నీ మొగుణ్ణి నేనే పెంచాను" అంది అత్తగారు.

&nbsp;

కాలేజీలో ఆమె క్లాసులో ఉన్నవాళ్ళు ఏడుగురు. అందులో ఒకడు నిద్రపోవడానికి వస్తాడు.

"ఈ నాటకాల్లో చావు మన కళ్ళముందు జరగదు" అని చెబుతోంది ఆమె. బల్ల అంచు పట్టుకుని నిలబడింది. రాత్రి పాప లేపుతూనే ఉంది. "అంతా తలుపుల వెనకాల, ఇంట్లో జరుగుతుంది. తర్వాత దూత బయటికొచ్చి లోపల ఏం జరిగిందో చెబుతాడు. అరగంట చెబుతాడు ఒక్కోసారి. అక్కడున్నవాళ్ళు వింటారు."

"మేడం" అంది కిటికీ పక్కనున్న అమ్మాయి. "లోపల జరిగింది ఇంకెవరూ చూళ్ళేదు కదా. ఆ దూత కల్పించి చెబితే?"

"అలా కల్పించి చెప్పినవాళ్ళూ ఉన్నారు."

"అప్పుడేమవుతుంది?"

"చూసేవాళ్ళకి అది అబద్ధమని ముందే తెలుసు. నాటకంలో ఉన్నవాళ్ళకే తెలీదు."

"అయితే చూసేవాళ్ళకే నరకం మేడం."

అందరూ నవ్వారు. నిద్రపోయేవాడు కూడా లేచి, దేనికో తెలియకుండానే నవ్వాడు. ఆమెకి నవ్వు రాలేదు. పుస్తకం మూసి, మిగతాది వచ్చే క్లాసులో చూద్దామంది. ఇంకా పావుగంట ఉంది.

వరండాలో హెడ్డుగారు పట్టుకున్నాడు. ఆయన్ని పిల్లలు 'రేపుగారు' అంటారు. సెలవడిగినా, సుద్దముక్క అడిగినా ఆయన జవాబు ఒకటే. అలాంటి మనిషి ఇవాళ ఆమె ఎదురుపడగానే "ఇవాళే తేల్చాలమ్మా" అన్నాడు.

"ఏం తేల్చాలి సార్?"

"కమిటీ శుక్రవారం కూర్చుంటోంది. వ్యాసం వేసుకుంటున్నామని ఆ పత్రిక నుంచి ఒక్క ముక్క వస్తే నిన్ను పర్మనెంటు చేయించే పూచీ నాది. రాకపోతే నా చేతుల్లో ఏమీ లేదు. గ్రీకు మొత్తం ఎత్తేసి 'ప్రపంచ పురాణాలు' అని ఒక పేపరు పెడతారట. దానికి చరిత్ర వాళ్ళ మనిషి ఉన్నాడు. పిల్లలు కూడా నీ క్లాసులో..." లెక్కపెట్టబోయి ఆగాడు. "సరే, ఆ గొడవెందుకు."

"సార్, ఒకవేళ తీర్పు చెప్పేవాళ్ళకి రాసిందెవరో తెలిసిపోతే?"

"ఆ తీర్పు చెల్లదు. ఇంకొకళ్ళకి పంపుతారు. అంటే ఏడాది మాట." కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. "ఏం? తెలిసిందా?"

"లేదు సార్. ఊరికే."

"ఊరికే అడిగే మొహం కాదమ్మా అది" అన్నాడు. తన గదిలోకి వెళ్తూ వెనక్కి తిరిగాడు. "మీ మామగారు మాకందరికీ గురువు. ఆ వ్యాసం దేని మీదో నాకు తెలుసు. చదివాను. ఆయనకి తెలుసా?"

ఆమె నోరు విప్పేలోగా బెల్లు కొట్టారు. ఆ బెల్లుకి మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

&nbsp;

సాయంత్రం ముందుగదిలో మామగారు కిటికీకి వీపు పెట్టి కుర్చీలో కూర్చున్నారు. వెలుతురు ఎదురుగా ఉంటే కళ్ళు మండుతాయి. పాప చాప మీద బోర్లాపడి, తన చెయ్యి తనదేనా అన్నట్టు చూసుకుంటోంది. అత్తగారు పక్కన కూర్చుని ఆరిన గుడ్డలు మడతపెడుతోంది. మామూలుగా ఈ చదివే వేళకి ఆవిడ లోపలే ఉంటుంది. ఇవాళ కదల్లేదు. ఆయన ముద్ద ఎందుకు దిగట్లేదో స్వయంగా చూడాలనుకుందేమో.

కోడలు చదవడం మొదలుపెట్టింది. రెండో పేజీ చివర ఇంకా కొంత మిగిలి ఉంది. ఆ ముక్కలు ఎక్కడ దొరికాయి, వాటిని ఎవరు మొదట చదివారు, మామగారి అతుకు ఈ శాస్త్రానికి ఎంత మేలు చేసింది. అన్నీ మర్యాదలే. రాసేటప్పుడు ఆ మర్యాదల కోసం ఎంత తంటాలు పడిందో ఆమెకే తెలుసు.

తలుపు దగ్గర నీడ కదిలింది. మొగుడు ఆఫీసు నుంచి పెందరాళే వచ్చేశాడు. బూట్లు కూడా విప్పకుండా అక్కడే నిలబడి, కాగితం తిప్పేయమని చేత్తో సైగ చేశాడు.

ఆమె కాగితం తిప్పింది. దాంతోపాటు ఇంకోటి కూడా తిప్పింది.

"'ఇక, నాటకంలో ఓడ ప్రస్తావన వేరే చోట్ల...'"

మామగారు వేలెత్తారు.

"ఆగమ్మా."

ఆగింది.

"ఇంతసేపూ మెట్టు మీద మెట్టు దిగుతూ వచ్చిన మనిషి, ఉన్నట్టుండి గోడ దూకాడేంటి? మధ్యలో పేజీ అంటుకుపోయిందేమో చూడు."

ఆమె చెవులు వేడెక్కాయి. "అవును మామయ్యా. అంటుకుపోయింది."

తలుపు దగ్గర మొగుడు నుదురు కొట్టుకున్నాడు.

మూడో పేజీ చదివింది. గొంతు తనది కానట్టు చదివింది. అలనాటి కాగితాన్ని వెలుతురుకి అడ్డం పెడితే అందులోని నారలు కనపడతాయి. చేతి గీతల్లాగే ఏ కాగితం నారలు దానివే. కాగితం చిరిగితే ఈ ముక్కలో లావుపాటి నార ఎక్కడ తెగిందో ఆ ముక్కలో అక్కడే మళ్ళీ మొదలవ్వాలి. ఈ రెండు ముక్కల్లో అలా మొదలవడం లేదు. ఎడమ ముక్కలో నారలు దట్టంగా ఉన్నాయి, కుడి ముక్కలో పల్చగా, ఏటవాలుగా ఉన్నాయి. "'కాబట్టి ఇవి ఒకే కాగితానివి కావు. రెండో ముక్కలో మాట్లాడుతున్నది తల్లి అని గానీ, ఆమె చేతుల్లో పెడుతున్నది బిడ్డను అని గానీ చెప్పడానికి ఆధారం లేదు. అప్పగింత అనే ఘట్టం బహుశా ఆ నాటకంలో లేదు.'"

పాప చాప మీద వెల్లకిలా తిరిగింది.

"అంటే?" అంది అత్తగారు. చేతిలో మడత సగంలో ఆగిపోయింది. "ఏంటండీ, అంటే? మీరు చెప్పింది తప్పంటున్నాడా వాడెవడో?"

"ఉండవే."

"ఎందుకుండాలి? ఎవడు వాడు? ఎక్కడివాడు? మీ కాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకునే అర్హతైనా ఉందా వాడికి? నారలట! తాడు పేనుకునేవాడై ఉంటాడు. మీరు కళ్ళు అరగదీసుకుని సంపాదించిన పేరు, కుర్చీలో కూర్చుని నారలు లెక్కపెట్టి తీసేస్తాడా? వాడి చెయ్యి పడిపోనూ!" ఆయాసంతో ఆగి కోడలి వైపు తిరిగింది. "నువ్వేం మాట్లాడవేంటమ్మా? ఆయన దగ్గరే చదువుకున్నావు కదా. ఆ మాత్రం రోషం లేదూ?"

కోడలు ఒళ్ళో కాగితాల వైపు చూసింది.

"అమ్మా, ఇక ఊరుకో" అన్నాడు కొడుకు తలుపు దగ్గర్నుంచి.

"నువ్వూ అంతే. ఈ ఇంట్లో ఆయన తరఫున మాట్లాడేది నేనొక్కదాన్నే."

మామగారు ఆ మాటలేవీ విన్నట్టు లేరు. మెల్లిగా ముందుకు వంగారు.

"వ్యాసంతో కొత్త ఫోటోలు పంపారుగా. వెలుతురులో పెట్టి తీసినవి. పట్టుకుని చూడు అమ్మాయ్."

ఆమె కిటికీ దగ్గరికెళ్ళి పట్టుకుంది. చూడాల్సిన పనేమీ లేదు. పాప పుట్టకముందు నుంచీ చూస్తూనే ఉంది.

"నారలు కలుస్తున్నాయా?"

"లేదు మామయ్యా."

"ఎక్కడా?"

"ఎక్కడా కలవట్లేదు."

ఆయన చేతులు ఒకదాని పక్కన ఒకటి పెట్టుకున్నారు, అరచేతులు పైకి. రెండు ముక్కలు పట్టుకున్నట్టే ఉంది.

"వాక్యం కుదిరిందమ్మా" అన్నారు చివరికి. "ఇంత బాగా కుదిరిన వాక్యం అబద్ధమవుతుందని నాకు తోచనే లేదు." గొంతు సవరించుకున్నారు. "పెన్ను తీసుకో. తీర్పు రాయాలి."

కంప్యూటరంటే ఆయనకి పడదు. కాగితం మీద రాయించి సంతకం చేస్తారు, కొడుకు దాన్ని ఫోటో తీసి పంపుతాడు. పత్రికవాళ్ళకీ అది అలవాటైపోయింది. ఆమె అట్ట మీద కాగితం పెట్టుకుని కింద కూర్చుంది.

"రాయి. ఈ వ్యాసాన్ని తప్పకుండా ప్రచురించాలి."

రాసింది.

"ఏవండీ!" అంది అత్తగారు.

"ఇందులో పొరపాటు పడ్డవాణ్ణి నేనే కనక, నా మాటకి మామూలు కంటే కాస్త ఎక్కువ బరువు ఉంటుందనుకుంటాను. రాశావా?"

"రాశాను."

"మూడో పేజీలో 'బహుశా' అనే మాట ఒకటుంది. అది తీసేయమనండి. ఇంత దూరం వచ్చాక భయపడకూడదు."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ 'బహుశా' పెట్టాలా వద్దా అని ఎన్నిసార్లు కొట్టేసి ఎన్నిసార్లు మళ్ళీ రాసిందో. అక్షరాలు అలుక్కుపోకుండా కాగితం పక్కకి జరిపింది. అయిపోయింది. గట్టెక్కింది. శుక్రవారంలోగా వెళ్ళిపోతుంది. మొగుడు అప్పుడు గానీ బూట్లు విప్పుకోలేదు.

"ఇంకొక్క వాక్యం" అన్నారు మామగారు. "ఈ వ్యాసం రాసినవారెవరో నాకు తెలుసు, వారు మా కుటుంబంలోని వారు."

పెన్ను ఆగిపోయింది.

"ఎప్పట్నుంచి మామయ్యా?"

"నిన్న రెండో పేజీ నుంచి. నేను నేర్పిన వంట నాకే వడ్డిస్తే గుర్తుపట్టనా?"

"మరి ఎందుకు ఆపలేదు?"

"ఆపితే మిగతాది ఎవరు చదువుతారు నాకు?"

మాటలో కోపం లేదు. ఉంటే బాగుండునని ఆమెకి అనిపించింది. కోపానికైతే ఏదో ఒక జవాబు చెప్పుకోవచ్చు.

అత్తగారు మడతపెట్టిన గుడ్డని మళ్ళీ విప్పింది. మళ్ళీ మడతపెట్టింది. "అంటే..." అంది. ఆయన్ని చూసింది, కొడుకుని చూసింది, చివరికి కోడల్ని చూసింది. "అంటే ఇందాక నేను తిట్టింది..."

కోడలు తల వంచుకుంది.

"నా ఎదురుగానే కూర్చుని రాశావా?" అంది అత్తగారు. అరవలేదు. "నీ పిల్లని నేను ఎత్తుకుంటే, నువ్వు ఖాళీ చేతుల్తో కూర్చుని ఇది రాశావా?"

"అత్తయ్యా..."

"పిలవకు."

కొడుకు గదిలోకి వచ్చాడు. "నాన్నా, ఆ వాక్యం రాస్తే ఇది చెల్లదు. మీకు తెలుసు కదా."

"తెలుసు."

"శుక్రవారం కమిటీ. దాని ఉద్యోగం పోతుంది."

"అదీ తెలుసు. మీ గుసగుసలు నాకు వినపడవనుకున్నారా? పోయింది కళ్ళేరా."

"మరి ఎందుకీ పట్టుదల? మీరు అబద్ధం చెప్పట్లేదు కదా! వ్యాసం మంచిదని మీకే అనిపించింది. రాసిందెవరైనా ఇదే తీర్పు చెప్పేవారు. ఎవరికి తెలుస్తుంది? మన నలుగురికి తప్ప..."

"నలుగురికి తెలిస్తే చాలదుట్రా?"

కొడుకు గుమ్మం దగ్గరికి వెనక్కి తగ్గాడు.

మామగారు చెయ్యి చాపారు. "కాగితం ఇలా ఇవ్వు. ఒక్క వాక్యానికి చోటు వదిలి, సంతకం ఎక్కడ చెయ్యాలో చూపించు."

ఆమె ఆయన చూపుడువేలు పట్టుకుని కాగితం మీద ఆనించింది. క్లాసులో తన తప్పుల కింద గీత గీసిన వేలు అది. ఆయన మెల్లిగా, కొంచెం వంకరగా, సంతకం చేశారు. దాని పైన ఒక్క వరస ఖాళీగా ఉంది.

"నేను చెప్పాల్సింది చెప్పాను" అన్నారు వెనక్కి వాలి. "రాసే చెయ్యి నీది."

కాగితం మళ్ళీ ఆమె ఒళ్ళోకి వచ్చింది. తెల్లటి ఒక్క వరస. అందులో తన చదువు, ఆ ఏడుగురు పిల్లలు, రోజూ పొద్దున్న ఇల్లు వదిలి వెళ్ళడానికి తనకున్న ఒకే ఒక సాకు, అన్నీ ఇరుక్కుని ఉన్నట్టనిపించింది. రాయకుండా ఫోటో తీయించి పంపితే సంతకం చేసిన మనిషికి కనపడదు. రాస్తే, ఆ సంతకం దేనికీ పనికిరాదు.

పాప ఏడుపు అందుకుంది. ఎవరూ లేవలేదు.

"నాకొక్క సంగతి చెప్పు" అంది అత్తగారు, ఏదో దుకాణంలో బేరమాడుతున్నట్టు. "ఆ ముక్క రాస్తే, ఈ కాగితాలు అచ్చవ్వవా?"

"ఇప్పుడప్పుడే అవ్వవు. ఇంకొకళ్ళు చదవాలి."

"ఎంతకాలం పడుతుంది?"

"ఏడాది పట్టొచ్చు."

"ఏడాది." ఆవిడ మొగుడి వైపు చూసింది. కిటికీకి వీపు పెట్టి కూర్చున్న ఆయన మొహం నీడలో ఉంది. గోడ మీద అద్దం, దాని వెనక అతుకు. ఈ వయసులో ఏడాదంటే చిన్న విషయం కాదు. "ఏడాదిపాటు ఎవరికీ తెలీదన్నమాట."

"తెలీదు."

"అయితే రాయి."

కోడలు తలెత్తింది.

"రాయమ్మా. ఆయన చెప్పింది ఆయన చెప్పినట్టే రాయి. నిజమే కదా రాయమంటున్నారు?" అంటూ అత్తగారు లేచి పాపని ఎత్తుకుంది. భుజాన వేసుకుని వీపు నిమిరింది. వచ్చి సరిగ్గా కోడలి వెనకాల నిలబడింది. "నేనూ అదే అంటున్నా. నిజమే రాయి."

మొగుడు గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. తలని అటూ ఇటూ కొద్దిగా ఊపుతున్నాడు. వద్దు. వద్దు.

ఆమె పెన్ను ఆ వరస మొదట్లో ఆనించింది. సిరా చుక్క ఊరింది. నిజం ఎటువైపుందో వెతుక్కుంటే రెండు వైపులా కనపడుతోంది. రాస్తే అతుకు ఇంకో ఏడాది గోడ మీదే ఉంటుంది. రాయకపోతే అది పడిపోతుంది, కానీ పడగొట్టిన చెయ్యి శుభ్రంగా ఉండదు. ఎన్నో నాటకాలు చదివింది, చదివించింది. ఇలాంటి చోట ఏం చెయ్యాలో వాటిలో ఎవరికీ తెలిసినట్టు గుర్తు లేదు. అలసట కళ్ళలోంచి భుజాల్లోకి, భుజాల్లోంచి వేళ్ళలోకి దిగుతోంది.

"రాశావా అమ్మాయ్?" అన్నారు మామగారు.

"రాశాను మామయ్యా" అంది.

చుక్క దగ్గరే ఉంది పెన్ను. దాని పక్కన ఒక్క అక్షరమూ లేదు.

ఆమె భుజం వెనక పాపని జోకొడుతున్న చెయ్యి ఆగిపోయింది. అత్తగారు వంగి కాగితం వైపు చూస్తోంది. ఆవిడ కళ్ళు శుభ్రంగా కనపడతాయి.